దయ వేరు, ఓర్పు వేరు: టీవీ సీరియళ్ల ప్రేక్షకులు నేర్పిన పాఠం

టీవీ సీరియల్ పేరెత్తితే మన విమర్శకులు ముఖం చిట్లిస్తారు. నేనూ చిట్లించినవాణ్ణే. ఏడుపులు, కుట్రలు, అత్తాకోడళ్ల కక్షలు తప్ప అందులో ఏమున్నదని ఒక సభలో గంటసేపు మాట్లాడినవాణ్ణే. ఆ మాటల్లో అబద్ధం లేదు. అయితే ఆ సీరియళ్లను చూసే స్త్రీలు వాటిలో ఏం వెతుక్కుంటున్నారు, ఏ పాత్రను ఎందుకు అంతగా ప్రేమిస్తున్నారు అనే ప్రశ్న నేను వేసుకోలేదు. 1970లలో వారపత్రికల సీరియల్ నవలలు చదివే స్త్రీలను గురించి మన విమర్శ చాలావరకు ఇలాగే మాట్లాడింది. పాఠకుల్ని అడగకుండా పాఠకుల చైతన్యం మీద తీర్పు చెప్పడం విమర్శ అనిపించుకోదు.

ఆ ప్రశ్న వేసుకోక తప్పని సందర్భం మా సత్తెనపల్లిలోనే 2023లో ఎదురైంది. నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకామె, భర్త అనుమానం భరించలేక, బిడ్డను చంకన వేసుకొని పుట్టింటికి వచ్చేసింది. పెద్దమనుషులు కూర్చున్నారు. చదువు చెప్పిన మేస్టారు కూడా వుంటే మంచిదని నన్ను పిలిచారు. ఒక పెద్దాయన, "కార్తీకదీపంలో దీప ఎంత ఓర్చుకుంది! చివరికి మొగుడే నిజం తెలుసుకున్నాడు. నువ్వూ కాస్త ఓర్చుకో తల్లీ" అన్నాడు. తెలుగులో ఎం.ఏ. చదివిన నేను నోరు విప్పలేదు. మాట్లాడింది ఆ అమ్మాయి మేనత్త. మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోయే మనిషి. "దీప ఓర్చుకొని ఆ ఇంట్లో పడుండలా బాబాయ్. బయటికొచ్చి, వంటలు చేసి, పిల్లను సాక్కుంది. మీరు సీరియల్ సరిగ్గా చూసినట్టు లేరు" అంది.

కొందరు నవ్వారు. కాని ఆమె చేసింది అసలైన విమర్శ. ఒకే కథలో పెద్దాయన ఓర్పును చూశాడు, ఆమె శ్రమను చూసింది.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు' ఆధారంగా తీసిన 'కార్తీకదీపం' స్టార్ మా ఛానెల్‌లో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, 1,500కు పైగా భాగాలు వచ్చింది. దీప నల్లని పిల్ల. డాక్టర్ కార్తీక్ ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. అతణ్ణి కోరుకున్న మోనిత పన్నిన కుట్రవల్ల, తనకు పిల్లలు పుట్టే యోగం లేదని నమ్మి, భార్య శీలాన్ని శంకిస్తాడు. దీప ఇల్లు విడిచి, వంటపని చేసుకుంటూ కూతురు శౌర్యను పెంచుతుంది. అలా ఆమె ఇంటింటికీ 'వంటలక్క' అయింది. ఆ పాత్ర ధరించిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. మలయాళ మూలంలోనూ నాయిక ఆమే. అయినా మన ఆడవాళ్లు ఆమెను తమ వీధి మనిషిగానే చూశారు.

కార్తీక్ డాక్టరు గదా, డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేయించుకోడు? ఈ ప్రశ్న సంవత్సరాల తరబడి తెలుగునాట హాస్యంగా తిరిగింది. నేనూ నవ్వాను. ఆ పంచాయితీ తర్వాత మిరప కల్లంలో ఆ మేనత్తనూ, ఆమెతో పనిచేసే స్త్రీలనూ ఇదే అడిగాను. ఒకావిడ చేతిలో పని ఆపకుండానే అన్నది: "పరీక్ష చేస్తే తేలుద్ది మేస్టారూ. కానీ సాక్ష్యం చూసి నమ్మేది పోలీసోళ్లు. పక్కన కాపరం చేసినోడికి సాక్ష్యమేంది?"

ఈ మాట దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి. మనం ఆ కథలో తర్కలోపాన్ని పట్టుకున్నాం. ఆమె మానవ సంబంధంలోని లోపాన్ని పట్టుకున్నది. దయ అంటే జాలిపడటం కాదు, నమ్మకం ఖరీదైన సమయంలో నమ్మడం అని ఆమె అభిప్రాయం. ఆ కొలతతో చూస్తే కథానాయకుడికి దయ లేదు. మరి ఆ కథలో దయ ఎవరికున్నది? వాళ్లు చెప్పిన పేర్లు నన్ను ఆశ్చర్యపరిచాయి. దీపకు తోడుగా నిలిచే ఆటోడ్రైవర్ వారణాసి. మొదట నల్లరంగును అసహ్యించుకొని, తర్వాత కొడుకునే నిలదీసి కోడలి పక్షాన నిలబడిన అత్త సౌందర్య. వీళ్లెవరూ సాక్ష్యం కోసం ఆగలేదు.

దయ ఈ పక్క పాత్రలకే ఎందుకు దక్కింది? దీనికి కారణం రచయిత మనస్తత్వంలో కాక, సీరియల్ ఆర్థిక సూత్రంలో వెతకాలి. దినసరి సీరియల్ ప్రకటనల మీద బతుకుతుంది. ఈ రోజు చూసినవాళ్లు రేపూ రావాలి. భర్త భార్యను నమ్మిన రోజున కథ అయిపోతుంది, అనుమానిస్తే ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి కథానాయకుడి దయను వాయిదా వేస్తారు, ఆ ఖాళీని నాయిక ఓర్పుతో నింపుతారు. ఆ ఓర్పుకు మంచితనమని పేరు పెడతారు. భూస్వామ్య సమాజం స్త్రీకి నేర్పిన పాత ధర్మం మార్కెట్టుకు ఇలా అక్కరకు వచ్చింది. పక్క పాత్రల దయతో మాత్రం కథకు ప్రమాదం లేదు. ఆటోడ్రైవర్ ఎంత మంచివాడైనా కథ ముగిసిపోదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా మనకున్నది. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వచ్చిన గుణ్ణం గంగరాజు 'అమృతం' వారానికొకసారి వచ్చేది. చాలావరకు ఏ వారం కథ ఆ వారమే ముగిసేది. అమృతం, ఆంజనేయులు పోట్లాడుకుంటారు, ఒకరి తెలివితక్కువతనానికి ఇంకొకరు బలవుతారు, ముగింపుకు మళ్లీ ఒకటవుతారు. క్షమను వాయిదా వెయ్యవలసిన అవసరం ఆ నిర్మాణానికి లేదు. అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు ధరించినా ప్రేక్షకులు విడిచిపెట్టలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు వున్నాడు, ఆ స్నేహం అలాగే వున్నది. ప్రేక్షకులు ప్రేమించింది ఆ సంబంధాన్ని.

అయితే ప్రేక్షకులు ఎప్పుడూ సరిగ్గానే చూస్తారని నేననడం లేదు. 1984, 85లలో దూరదర్శన్ ప్రసారం చేసిన 'హమ్ లోగ్' ప్రజలకు సామాజిక విషయాలు బోధించాలని తీసిన సీరియల్. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ తెరమీదకు వచ్చి నీతి విప్పి చెప్పేవాడు. ప్రేక్షకులు దాదాపు 4 లక్షల ఉత్తరాలు రాశారు. తాగుబోతు భర్తతో నలిగిపోయే భగవంతి పాత్ర ద్వారా, అన్నీ సహించడంవల్ల కలిగే చేటును చూపాలనుకున్నారు. తీరా పరిశోధకులు విచారిస్తే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే అనుసరించదగిన ఇల్లాలుగా ఎంచుకున్నారని తేలింది. బోధ అంత స్పష్టంగా వున్నా, ఓర్పే గెలిచింది.

ఆ ప్రేక్షకులకూ, మా మిరప కల్లంలోని స్త్రీలకూ తేడా ఎక్కడ వున్నది? తెలివిలో లేదని నా అభిప్రాయం. కథను చదివేది కళ్లొక్కటే కాదు, బతుకు కూడా చదువుతుంది. తన కూలి తాను తెచ్చుకునే మేనత్తకు దీప చేతిలో గరిటె కనిపించింది. కాపురాలు సర్దిచెప్పడమే పెద్దరికం అనుకునే పెద్దాయనకు దీప కన్నీళ్లు కనిపించాయి. ఆ అమ్మాయికి ఏం కనిపించాలన్నది ఆ రోజు పంచాయితీలో తేలవలసిన విషయం.

అందువల్ల సీరియళ్లను తిట్టి ఊరుకుంటే విమర్శకుని బాధ్యత తీరదు. వాటిని చూసేవాళ్ల మధ్య కూర్చోవాలి. ఎవరు దయగలవాళ్లు, ఎందుకు అని అడగాలి. ఓర్పుకు దయ అని పేరు పెట్టిన చోట ఆ రెండింటినీ విడదీసి చూపాలి. ఆ పని వాళ్లలో కొందరు మనకంటే ముందే చేస్తున్నారు. వాళ్ల మాటను రాతలోకి తేవడం మన వంతు.

ఆ అమ్మాయి తిరిగి వెళ్లలేదు. మేనత్తతోపాటు పనికి పోతున్నది. బిడ్డ ఈ ఏడు బడిలో చేరింది. దారిలో కనిపిస్తే నాకు నమస్కారం పెడుతుంది. ఆ రోజు నేను పలకవలసిన మాట మేనత్త పలికిందని ఇద్దరికీ తెలుసు.