దెబ్బ పడకముందే

ఒకవైపు మైపాడు సముద్రం, ఇంకోవైపు వరిమళ్లు, మధ్యలో రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట మండలంలో ఆడవాళ్లు నాట్లేస్తారు, చేపలమ్ముతారు, డ్వాక్రా కంతులు తప్పకుండా కడతారు. అంత కష్టపడే మనిషి ఇంట్లో దెబ్బలు తింటోందని తెలిస్తే మాత్రం ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని ఊరు తలుపేసుకుంటుంది. తరాలుగా ఇదే తంతు.

ఒంటిమీద వాత తేలితేనే హింస అనుకుంటున్నాం. అది అంతకు చాలా ముందే మొదలవుతుంది. సంఘం మీటింగులో కొత్త కోడలి ఫోను ఊరికే మోగుతుంటుంది. “యాడుండావ్? పక్కనెవురుండారు? వీడియో కాల్ చెయ్.” తోటివాళ్లు ‘ఎంత ప్రేమో’ అని నవ్వుతారు. ఆ పిల్ల నవ్వదు. లెక్కలు పూర్తికాకముందే సంతకం పెట్టి లేచిపోతుంది.

అది ప్రేమ కాదు, కాపలా. తర్వాత కూలి డబ్బు, ఏటీఎం కార్డు భర్త జేబులోకి పోతాయి. పుట్టింటికి రాకపోకలు తగ్గుతాయి. నలుగురిలో చులకన చేయడం, అనుమానించడం, గిన్నెలు విసరడం, ‘నువ్వు పోతే నేను చస్తా’ అని బెదిరించడం వరసగా వస్తాయి. కొట్టిన మర్నాడు కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. కొన్నాళ్లకు మళ్లీ కొడతాడు. గొంతు పట్టుకున్నాడంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఇక ఒక్కరోజు కూడా ఆగకూడదు.

‘తాగితేనే అట్లా, లేకుంటే బంగారం’ అంటారు. తాగినోడు గుంట ఆసామి మీద చెయ్యెత్తడు, ఇంటికొచ్చి భార్య మీదే ఎత్తుతాడు. మందు కోపాన్ని పెంచొచ్చు. ఎవరిని కొడితే అడిగేవాళ్లు లేరో అతనికి తాగినా తెలుసు.

అడగడం మన నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి రోశమ్మతో కలిసి సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. అంగడి ముందు నిలబడినవాళ్లం, పక్కింటి గడప ముందు మాత్రం ఆగిపోయాం. భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం సరైనదేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 83 శాతానికి పైగా చెప్పారు. కూర బాగా వండకపోవడం కూడా ఆ కారణాల జాబితాలో ఉంది.

చట్టం మనకన్నా ముందుంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం దెబ్బల్నే కాదు, తిట్లనూ బెదిరింపులనూ డబ్బు లాక్కోవడాన్నీ హింసగానే లెక్కేస్తుంది. ఇల్లు భర్త పేరునో అత్తమామల పేరునో ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. 181కి ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది, అత్యవసరమైతే 112. తన ఫోను భర్త వెతుకుతాడనుకుంటే నమ్మకమైన వాళ్ల ఫోను నుంచి చేయాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, కొంత డబ్బు వాళ్ల దగ్గరే దాచిపెట్టాలి.

పుట్టింటికొచ్చిన బిడ్డతో ‘సర్దుకుపో’ అనే ముందు తల్లి మూడు మాటలు అడగాలి: నీ డబ్బు నీ చేతిలో ఉందా? మాతో మాట్లాడనిస్తున్నాడా? అతనంటే భయమా? భయమని చెబితే బిడ్డను నమ్మి, ఇంట్లో ఉంచుకోవాలి.