పట్టేసిన బేరింగు, వదిలించే వేడి

హైదరాబాదులో ఆబిడ్స్ నుంచి మొజంజాహి మార్కెట్ మీదుగా నాంపల్లి వైపు వెళ్తే పాత జీపును మళ్లీ రోడ్డెక్కించడానికి కావలసిన సరుకంతా ఆ చుట్టుపక్కల వీధుల్లోనే దొరుకుతుంది. ట్రూప్ బజార్‌లో హార్డ్‌వేర్, జాంబాగ్‌లో కారు సామాన్లు, గోషామహల్‌లో విప్పేసిన బండ్ల విడిభాగాలు. కొత్త బేరింగు కొనుక్కోవడం ఒక పూట పని. చిక్కల్లా పాతదాన్ని ఊడదీయడంలోనే. ఏళ్ల తరబడి వానలో, ఎండలో నిలబడ్డ జీపు చక్రం విప్పితే లోపలి బేరింగు హబ్‌తో ఏకమైపోయి కనిపిస్తుంది. అప్పుడు చాలామంది చెయ్యి ముందుగా పెద్ద సుత్తి మీదికి పోతుంది. దానికంటే ముందు అక్కడ ఏం జరిగిందో తెలుసుకోవాలి.

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ వంశపు జీపుల ముందు చక్రాల హబ్‌లో టేపర్ రోలర్ బేరింగులు రెండేసి ఉంటాయి. ఒక్కో బేరింగుకు రెండు భాగాలు. రోలర్లను మోసే లోపలి రింగు కోన్, హబ్‌లోకి దిగగొట్టిన బయటి రింగు కప్పు. ముందు చక్రంలో కోన్ స్పిండిల్ మీద, అంటే తిరగని ఇరుసు మీద, వదులుగా కూర్చుంటుంది, కప్పు మాత్రం హబ్‌లో బిగుతుగా ఉంటుంది. దీనికి కారణం ఉంది. బండి బరువు ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది, తిరిగేది మాత్రం హబ్. తిరిగే రింగు వదులుగా ఉంటే ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం జారుతూ తన గూటిని అరగదీస్తుంది. అందుకే తిరిగే రింగును గూటి కొలత కంటే కొన్ని పదుల మైక్రాన్లు పెద్దగా చేసి నొక్కి దింపుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆ బిగుతుకు తుప్పు తోడవుతుంది. నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఇనుమును ఆక్సైడుగా, హైడ్రాక్సైడుగా మారుస్తాయి. అలా పుట్టిన తుప్పు, కరిగిపోయిన ఇనుము కంటే రెండింతలు మొదలుకొని కొన్ని రెట్ల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందులో వేరే చోటు లేదు కనుక అది రెండు లోహాలనూ నొక్కుతూ వాటి మధ్య మేకులా దిగుతుంది. కదలని బండిలో మరో చేటు కూడా ఉంది. రోలరు రింగును తాకే గీత దగ్గర బరువుకు గ్రీజు పక్కకు తప్పుకుంటుంది. ఆయిల్ సీల్ దాటి వచ్చిన నీరు సరిగ్గా అక్కడే నిలుస్తుంది. అందుకే ఇలాంటి రింగులో రోలర్ల మధ్య దూరం ఎంతో, తుప్పు చారల మధ్య దూరం కూడా అంతే ఉంటుంది.

ఆ చారలను ఎమరీ కాగితంతో రుద్ది బేరింగును మళ్లీ వాడుకోవచ్చా? వద్దు. రోలరు, రింగు తాకే సన్నని చోట ఒత్తిడి గిగాపాస్కల్ దాటవచ్చు. అంటే వాతావరణ పీడనానికి సుమారు పదివేల రెట్లు. అంత ఒత్తిడి కింద చిన్న తుప్పు గుంట కూడా పగులుకు మొదలవుతుంది, అక్కడి నుంచి లోహం పెచ్చులుగా లేస్తుంది. కనుక మొదటే ఒక నిర్ణయానికి రావాలి. తుప్పు తిన్న బేరింగు ఎలాగూ పోయినట్టే. కాపాడుకోవలసింది హబ్, స్పిండిల్. వాటిని పాడుచేసే పద్ధతేదీ మనకు పనికిరాదు.

అన్నిటికంటే ముందు రింగు మీది నంబరు రాసుకోండి. పాత జీపు ముందు చక్రాల్లో కనిపించే ఒక జంట 18590 కోన్, 18520 కప్పు. ఆ కప్పు బయటి వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. కోసిన తరువాత ఆ అంకెలు దొరకవు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి. తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి.

తరువాత చొచ్చుకుపోయే నూనె పని. తుప్పులో సన్నని రంధ్రాలుంటాయి. పలుచని నూనె కేశనాళిక బలంతో ఆ సందుల్లోకి పాకుతుంది. దానికి బలం అక్కర్లేదు, సమయం కావాలి. రాత్రంతా నానబెట్టి, మధ్యమధ్య హబ్‌ను చిన్న సుత్తితో తట్టాలి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనెకు దారి ఇస్తుంది.

అప్పటికీ కదలకపోతే ఉష్ణం సాయం తీసుకోవాలి. మన ఊళ్లలో కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే తీరు చూసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. కాల్చిన పట్టా సాగి చక్రం మీదికి దిగుతుంది, నీళ్లు పోస్తే కుంచించుకుని కరుచుకుంటుంది. ఇక్కడ అదే లెక్కను తిరగేయాలి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. 73 మిల్లీమీటర్ల గూడును 100 డిగ్రీలు వేడెక్కిస్తే వ్యాసం సుమారు 88 మైక్రాన్లు పెరుగుతుంది. బిగుతు సాధారణంగా ఇంతలోపే. అయితే కప్పు కూడా హబ్‌తో పాటే వేడెక్కితే రెండూ కలిసి సాగుతాయి, లాభం లేదు. అందుకే మంటను హబ్ చుట్టూ తిప్పుతూ త్వరగా వేడెక్కించి, కప్పు చల్లగా ఉండగానే ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొట్టి దించాలి. నూనె, గ్రీజు పూర్తిగా తుడవకుండా మంట పెట్టకూడదు.

కడ్డీ ఆనించడానికి అంచు చిక్కని కప్పుకు వెల్డింగు షాపులో ఒక చిట్కా ఉంది. కప్పు లోపలి ముఖం మీద గుండ్రంగా ఒక వెల్డు వరస వేస్తారు. ఎర్రగా కాలిన కప్పు సాగబోతుంది, చుట్టూ చల్లని హబ్ సాగనివ్వదు. దాంతో మెత్తబడిన ఉక్కు తనలోకి తానే నలుగుతుంది. చల్లారేటప్పుడు వెల్డు వరస కూడా కుంచించుకుంటూ దాన్ని లోపలికి లాగుతుంది. చివరికి కప్పు గూటి కంటే చిన్నదవుతుంది. చాలాసార్లు చేత్తోనే ఊడివస్తుంది. ఎర్తు క్లాంపును ఆ హబ్‌కే తగిలించాలి. కరెంటు వేరే బేరింగు గుండా పోతే అదీ పాడవుతుంది.

స్పిండిల్‌కు పట్టేసిన కోన్‌కు ముందు పుల్లర్ ప్రయత్నించాలి. రాకపోతే గ్రైండరే దారి. బేరింగు ఉక్కులో సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం ఉంటాయి. అది రంపపు బ్లేడుకు లొంగనంత గట్టిది, అంతే పెళుసు. గ్రైండరుతో మందంలో మూడింట రెండు వంతుల దాకా గాడి తీసి, ఉలి పెట్టి కొడితే టక్కున పగులుతుంది. కిందనున్న స్పిండిల్ అంతకంటే మెత్తనిది కాబట్టి గాడి అంతకు మించి లోతు పోనివ్వకూడదు. ఈ పనిలో కళ్లద్దాలు తప్పనిసరి. గట్టి ఉక్కు ముక్క తూటాలా ఎగురుతుంది.

బేరింగుల తయారీ హైదరాబాదుకు కొత్త విద్య కాదు. మౌలాలీలో హెచ్‌ఎంటీ బేరింగ్స్ కర్మాగారం నడిచేది. దాని మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కర్మాగారాలు మూతపడినా, ఊడదీసి బిగించే పనితనం నగరపు గల్లీల్లోని ఉస్తాదుల చేతుల్లో మిగిలే ఉంది.

కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు ఆయిల్ సీల్‌ను కూడా తప్పకుండా మార్చండి. వానాకాలానికి ముందు హబ్ విప్పి పాత గ్రీజు తుడిచి, కొత్తది నింపండి. నిలబెట్టిన బండిని నెలకోసారైనా కొంచెం ముందుకూ వెనక్కూ కదపండి. వీటికయ్యే ఖర్చు ఒక హబ్ ధర ముందు లెక్కలోకి రాదు.