పటం కట్టించడంలోనే బొమ్మ ఆయుష్షు

బిల్హా (ఛత్తీస్‌గఢ్): హావ్‌డా–ముంబయి రైలు మార్గంలో బిలాస్‌పుర్‌కు సమీపాన ఉన్న పట్టణం బిల్హా. తెలంగాణ నుంచి ఒక చేర్యాల చిత్రాన్ని ఇటువంటి ఊరికి తెచ్చుకున్నవారు దానిని ముందుగా పటం కట్టే దుకాణానికి తీసుకువెళతారు. ఆ బొమ్మ కొన్నేళ్లకే పాడవుతుందా, తరాలపాటు నిలుస్తుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

సంస్కృతంలో ‘పటము’ అంటే వస్త్రం. తెలుగులో వస్త్రంపై గీసిన చిత్రానికీ, కాలక్రమంలో గోడకు వేలాడే చట్రంలోని బొమ్మకూ అదే పేరు స్థిరపడింది. చేర్యాల కళ కూడా ఇదే దారిలో నడిచింది. ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలకు చెందిన నకాషీ కళాకారులు కుల పురాణాలను పొడవైన ఖాదీ వస్త్రంపై చిత్రించేవారు. కథకులు ఆ చుట్టను ఘట్టం తరువాత ఘట్టంగా విప్పుతూ ఊరూరా కథ చెప్పి, ముగిశాక చుట్టి దాచేవారు. కథకులకు ఆదరణ తగ్గడంతో ఒకటి రెండు ఘట్టాల చిన్న చిత్రాలు గోడలకెక్కాయి. ఒకప్పుడు చుట్టలో చీకటిన ఉండే రంగులు ఇప్పుడు ఏడాది పొడవునా వెలుతురుకూ తేమకూ గురవుతున్నాయి.

ఈ వస్త్రంపై గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, బంక కలిపిన పూత ఉంటుంది. గంజి, చింతగింజల పిండి బూజుకూ పురుగులకూ ఆహారం. సుద్ద పొర పెళుసైనది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వెనువెంటనే వానాకాలపు తేమ వస్తుంది. ఈ మార్పులకు వస్త్రం కదిలినంతగా పూత కదలలేదు. అందువల్ల పగుళ్లు ఏర్పడతాయి.

అద్దం బొమ్మకు తగలరాదు. అద్దం లోపలివైపు తేమ చేరితే రంగు దానికి అంటుకుపోతుంది. చుట్టూ మౌంటు అట్ట అమర్చితే రెండింటి మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఏర్పడుతుంది. ఆ అట్ట, వెనుక అట్ట ఆమ్లరహితమైనవి కావాలి. చవక అట్టల నుంచి, చెక్కపొట్టు పలకల నుంచి వెలువడే ఆమ్లాలు వస్త్రాన్ని పసుపుబార్చి పెళుసుగా మారుస్తాయి. బొమ్మను జిగురుతో పలకకు అంటిస్తే తిరిగి విడదీయడం కష్టం. పైఅంచున మాత్రమే, అవసరమైతే విప్పగలిగేలా పట్టు ఇవ్వాలి.

వెలుతురు వల్ల వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియాలు వస్త్రాలకు, నీటిరంగుల చిత్రాలకు సాధారణంగా 50 లక్స్ వెలుతురునే పరిమితిగా పాటిస్తాయి. ఇంట్లో ఎండ పడని గోడ, వానకు చెమ్మగిల్లని గోడ ఎంచుకోవాలి. చట్రం కింది మూలల వెనుక చిన్న బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

చివరిగా, వెనుక అట్టపై చిత్రకారుని పేరు, ఊరు, కొన్న సంవత్సరం, బొమ్మలోని ఘట్టం రాయించాలి. ఒకప్పుడు బొమ్మ వెంట కథకుడు ఉండేవాడు. ఆ ఘట్టమేమిటో ఆయనే చెప్పేవాడు. గోడమీది బొమ్మ గురించి తరువాతి తరానికి చెప్పగలిగేది ఆ రాత ఒక్కటే.