ఆకు రాలాక అసలు చెట్టు

మాఘమాసంలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు మన్ననూరు దాటగానే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ‘అయ్యో, అడవంతా ఎండిపోయింది’ అనుకుంటారు. ఎండిపోలేదు. నల్లమలలో చాలా భాగం ఆకురాల్చే అడవి. వానలు వెనకబట్టి నేలలో తేమ తగ్గాక ఆకుల్ని మోయడం చెట్టుకు ఖరీదైన పని. వాటిగుండా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అందుకే ఆకులోని నత్రజనిని, భాస్వరాన్ని వీలైనంత కొమ్మల్లోకి లాక్కుని, తొడిమ మొదట్లో పలచని పొర కట్టి, ఆకును వదిలేస్తుంది.

చెట్టును చూడాలంటే ఇదే అదను.

ఆకులున్నన్నాళ్లూ కంటికి ఆనేది పచ్చదనమే. అవి రాలాక దేని తీరు దానిదే. బూరుగ నిటారుగా లేచి, ఒక్కో ఎత్తులో చుట్టూ అడ్డంగా కొమ్మలు చాస్తుంది. పెద్ద చెట్లయితే ఆ కొమ్మల కింద వేలాడే కొండతేనె పట్టులు దూరానికే కనిపిస్తాయి. టేకు లేత రెమ్మను వేళ్ల మధ్య తిప్పితే గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు తగులుతాయి. రాళ్ల గుట్టల మీద పెరిగే తపసి అన్నిటికన్నా అందమైనది. దాని పాలిపోయిన తెల్లటి బెరడు పలచని పొరలుగా ఊడుతుంటుంది, వెన్నెల్లో చెట్టంతా తెల్లగా వెలుగుతుంది. చెంచులు దీని జిగురు తీసి అమ్ముకుంటారు. గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చెట్టే చచ్చిపోతుంది. ఏ చెట్టు ఎన్ని దెబ్బలు తిన్నదో ఆకుల్లేని ఈ రోజుల్లోనే తేటగా తెలుస్తుంది.

ఇంత దూరం వెళ్లలేనివాళ్లకు గుడి ఆవరణలో దేవగన్నేరు ఉంది. దీన్ని దగ్గరికెళ్లి చూడాలి. బూడిదరంగు మొద్దు కొమ్మల నిండా రాలిన ఆకుల గుర్తులు వరసగా ఉంటాయి. కొమ్మ చివర పూలగుత్తి వచ్చిందంటే ఆ కొమ్మ ఇక ముందుకు సాగదు. గుత్తి కిందనుంచి రెండో మూడో కొత్త కొమ్మలు బయల్దేరతాయి. కాబట్టి నరకని చెట్టులో కనిపించే దాదాపు ప్రతి పంగ దగ్గరా ఒకప్పుడు పూలు పూశాయన్నమాట!

కొమ్మల లెక్క మీద మనసు పడినవాళ్లు పూర్వమూ ఉన్నారు. ఏ ఎత్తులోనైనా కొమ్మలన్నిటినీ కట్టగడితే మొదలంత లావు అవుతాయని సుమారు 500 ఏళ్ల కిందట లియోనార్డో డా విన్చీ రాసుకున్నాడు. అన్ని చెట్లూ ఈ లెక్కకు కచ్చితంగా లొంగవు గానీ, చాలావాటిలో దగ్గరగానే సరిపోతుంది. గాలి తాకిడికి విరగకుండా నిలబడటానికే చెట్లు ఇలా పెరుగుతాయని 2011లో క్రిస్టోఫ్ ఎలోయ్ అనే భౌతికశాస్త్రవేత్త వివరించాడు.

ఇంత పొందికగా పెరిగిన చెట్టును ఊళ్లలో కరెంటు తీగల కోసం మొండిగా నరికేయడం చూస్తే బాధేస్తుంది. నరికిన చోట గుంపుగా లేచే సన్నటి రెమ్మలకు పట్టు తక్కువ. గాలివానకు ముందు విరిగేవి అవే. కొమ్మ కాండాన్ని కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని వదిలి, సరిగ్గా దాని బయట కోస్తే గాయం మూసుకుంటుంది. వీధి పక్క తురాయి చెట్లు ఆకు రాల్చి, నల్లటి కాయలతో నిలబడే రోజుల్లో ఆ ఉబ్బు కింద నిలబడ్డవాళ్లకు కూడా కనిపిస్తుంది.