వేళ్ళ కీళ్ళ నొప్పులు: ఇంటి వైద్యం ఎంతవరకు?

మోకాళ్ళు నొప్పిపుడితే కాసేపు కూర్చోవచ్చు. వేళ్ళ కీళ్ళు నొప్పిపుడితే కూర్చుని చేసుకునే పనులు కూడా సాగవు. జాకెట్టు హుక్కు పెట్టుకోవడం, చీపురు పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, సంతకం చేయడం, అన్నీ కష్టమే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చేతులకు పని ఎక్కువ. రాగిసంగటి గెలకాలి. చింతపండులో గింజ తీయాలి. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోయాలి. మగ్గం మీద తెగిన పోగు ముడివేయాలి. టమాటాలు కోసి గంపలకెత్తాలి. పాలు పితకాలి. ఈ పనులన్నీ చేసిన ఆడవాళ్ళు యాభయ్యో పడిలోకి వచ్చేసరికి ఆసుపత్రికి వచ్చి, రెండు చేతులూ బల్లమీద పరచి, "సార్, మాత్రలు మింగితే కడుపులో మంట. ఏదైనా ఆకో పసరో చెప్పండి" అని అడగడం మామూలే.

అలా అడగడంలో తప్పులేదు. వేళ్ళ కీళ్ళ నొప్పులలో చాలావాటికి ఇంట్లో చేసుకోదగిన మంచి చికిత్స ఉంది. అయితే ఏ నొప్పికి అది చాలు, ఏ నొప్పికి చాలదు అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక రకం జబ్బులో ఆరు నెలలు కాపడంతో గడిపినా పెద్ద నష్టం లేదు. మరో రకంలో ఆ ఆరు నెలల ఆలస్యానికే కీళ్ళు అరిగి, వేళ్ళు శాశ్వతంగా వంకర తిరిగిపోవచ్చు.

ముందు మీ చేతిని చూసుకోండి

మొదటి రకం ఆస్టియో ఆర్థ్రైటిస్. ఇది వయసుతోపాటు కీలులోని మృదులాస్థి దెబ్బతినడం వల్ల వస్తుంది. గోటికి దగ్గరగా ఉండే చివరి కణుపు, వేలి నడిమి కణుపు, బొటనవేలి మొదలు, ఈ మూడు చోట్ల దీని తాకిడి ఎక్కువ. కణుపుకు ఇరుపక్కలా గట్టి బుడిపెలు లేస్తాయి. నొక్కితే ఎముకలాగా తగులుతాయి. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకున్నా, అరగంటలోపే సడలుతాయి. పని చేసినకొద్దీ నొప్పి పెరుగుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది. బహిష్టులు ఆగిన స్త్రీలలో ఇది ఎక్కువ. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశమూ ఎక్కువే. చివరి కణుపు మీద వచ్చే బుడిపెలకు విలియం హెబర్డెన్ అనే ఇంగ్లీషు వైద్యుని పేరు స్థిరపడింది. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1802లో వెలువడిన గ్రంథంలో, వీటికీ గౌట్ జబ్బుకూ సంబంధం లేదని స్పష్టంగా వ్రాశాడు. ఈ బుడిపెలు కరగవు. కాని మొదట్లో ఉండే నొప్పి చాలామందిలో క్రమంగా తగ్గుతుంది.

రెండవది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఇది అరుగుదల కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి కీళ్ళ లోపలి పొరమీద దాడి చేయడం వల్ల వస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్ళవారికీ వస్తుంది. పిడికిలి బిగిస్తే పైకి లేచే మెటికలు, నడిమి కణుపులు, మణికట్టు వాస్తాయి. సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది. చివరి కణుపులను మాత్రం చాలావరకు వదిలేస్తుంది. వాపు గట్టిగా కాక, మెత్తగా, వెచ్చగా ఉంటుంది. పొద్దున్నే బిగువు గంట దాటినా వదలదు. నీరసం, ఆకలి మందగించడం, కొద్దిపాటి జ్వరం తోడవుతాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మెటికల వరుసను మరొకరు అరచేతిలోకి తీసుకొని, కరచాలనం చేసినట్లు మెల్లగా అదమాలి. ప్రాణం పోయినంత నొప్పి వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి.

ఈ రెండూ కాక మరికొన్ని ఉన్నాయి. 2006లో రాయలసీమ పల్లెల్లో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు, జ్వరం తగ్గిన తర్వాత కూడా నెలల తరబడి పిడికిలి పట్టలేకపోయినవారు ఎందరో. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి వేళ్ళు బిగుసుకుపోతాయి. నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులూ, వేళ్ళూ పూర్తిగా అంటుకోకపోతే దీనిని అనుమానించాలి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, తప్పు కీలులో కాదు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడంలో ఉండవచ్చు.

మేలు చేసే ఇంటి చికిత్స

వేడి: ఆస్టియో ఆర్థ్రైటిస్‌కు మొదటి మందు వేడినీళ్ళే. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పొద్దున పది పదిహేను నిమిషాలు చేతులు ముంచి ఉంచండి. వావిలాకు వేసి కాచిన నీళ్ళు మన పెద్దల అలవాటు. నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఇసుక మూటతో, ఉప్పు మూటతో కాపడం పెట్టినా మంచిదే. చక్కెర వ్యాధి ఉన్నవారికి చేతుల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక, నీటి వేడిని ఇంట్లో మరొకరు చూడాలి. కరిగించిన మైనంలో చేతులు ముంచే చికిత్స కూడా ఉపశమనం ఇస్తుంది. అది మాత్రం ఫిజియోథెరపీ విభాగంలో నేర్చుకున్న తర్వాతే చేయాలి. పొయ్యిమీది మైనంతో చేతులు కాలతాయి. కీలు ఎర్రబడి, వేడెక్కి ఉన్నప్పుడు వేడి పనికిరాదు. తడిగుడ్డతో చల్లబరచాలి.

నూనె: గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చేసుకుంటే కండరాలు సడలుతాయి. నూనె కీలు లోపలికి వెళ్ళి అరుగుదలను పూడుస్తుందని మాత్రం అనుకోకండి. వేళ్ళు విరవడం, మెటికలు లాగడం వద్దు.

వ్యాయామం: చేతులు వేడినీళ్ళలో ఉన్నప్పుడే చేస్తే సులభం. మెల్లగా పిడికిలి పట్టి విప్పండి. తర్వాత బొటనవేలి కొనతో తక్కిన నాలుగు వేళ్ళ కొనలను ఒక్కొక్కటిగా తాకండి. ఆపైన వేళ్ళను దూరంగా చాచి దగ్గరకు తీయండి. చివరగా మెటికలను తిన్నగా ఉంచి, వేళ్ళ పై రెండు కణుపులనే వంచండి. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు పూటలు చేయాలి. కొన్ని వారాలు చేస్తేగాని ఫలితం తెలియదు.

పని తీరు: పని మానుకోనక్కరలేదు, చేసే తీరు మార్చుకోవాలి. సన్నని పిడిని బిగించి పట్టుకుంటే కీలుమీద భారం ఎక్కువ. సంగటి గెలికే కట్టెకు, కత్తిపిడికి, చీపురుకట్టకు గుడ్డ చుట్టి లావు చేయండి. గిన్నెను వేళ్ళతో కాక రెండు అరచేతులతో ఎత్తండి. తడిబట్టను చేత్తో పిండకుండా కుళాయి గొట్టానికి చుట్టి మెలిపెట్టండి. కూరల సంచిని వేళ్ళకు తగిలించుకోక మోచేతికి వేసుకోండి. చింతపండు ఒలవడం వంటి పని ఉంటే, అరగంటకొకసారి చేతులకు విరామం ఇవ్వండి.

ఆహారం: కీళ్ళ నొప్పి అనగానే టమాటా, వంకాయ, బంగాళాదుంప, చింతపండు మానేయమనే పథ్యం మన ఇళ్ళలో ఉంది. టమాటాకు పేరుపడ్డ మదనపల్లెలో కూడా రోగులు టమాటా ముట్టరు. వీటివల్ల కీళ్ళు పాడవుతాయనడానికి ఆధారం లేదు. ఏదైనా ఒకటి తిన్నప్పుడల్లా మీకు నొప్పి పెరుగుతుంటే, ఆ ఒక్కటి మానండి. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ వచ్చినవారు మాత్రం మాంసం, సారాయి, బీరు విషయంలో జాగ్రత్తపడాలి. రాగుల్లో నూరు గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి, రాగిజావ ఎముకల బలానికి మంచివి, కాని కీళ్ళ జబ్బుకు మందు కావు.

పసుపులోని సారంతో మోకాళ్ళ నొప్పి కొంత తగ్గుతుందని పరీక్షలలో తేలింది. అల్లం గుణం అంతకంటే స్వల్పం. కూరలో, పాలలో వాడినంత మేరకు ఎవరికీ అభ్యంతరం లేదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు పసుపు మాత్రలు డాక్టరును అడగకుండా మింగరాదు. వీటితో నొప్పి అదుపులోకి రానప్పుడు, మాత్రలకంటే ముందు డైక్లోఫెనాక్ వంటి పైపూత జెల్ వాడి చూడడం మంచిది. కడుపుకు, మూత్రపిండాలకు దానివల్ల భయం తక్కువ.

హాని చేసేవి

జిల్లేడు పాలు, నల్లజీడి రసం, నూరిన వెల్లుల్లి చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి. జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం. మిరపకాయలోని ఘాటు పదార్థంతో చేసిన పూతమందు మోకాలికి పనికివస్తుంది. అదే చేతులకు రాసుకుంటే తెలియక కళ్ళు నలుపుకునే ప్రమాదం ఉంది. అందుచేత వేళ్ళకు అది తగదు. వాతలు పెట్టించుకోవడం వల్ల పుండు తప్ప గుణం లేదు. విరిగిన ఎముకకు కట్టు కట్టినట్లు, వాతపు కీలుకు గట్టి కట్టు వేసి వారాల తరబడి కదల్చకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది.

వీటన్నిటికంటే ప్రమాదం పేరులేని పొట్లం మందు. "ఆకుల పొడి, చెడుగుణం లేదు" అని చెప్పి ఇచ్చే పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన రుమటాయిడ్ రోగికి కార్టిజోన్ ఇస్తే కొద్దిరోజుల్లో లేచి నడిచింది. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. కాని ఆ మందునే ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం జరుగుతాయని త్వరలోనే తెలిసివచ్చింది. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పొడి అంటే అందుకే అనుమానించాలి. నెలల తరబడి అలాంటిది వాడుతున్నవారు ఒక్కసారిగా మానడం కూడా అపాయకరం. పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

రుమటాయిడ్ అయితే కాలయాపన వద్దు

ఈ జబ్బుకు పైన చెప్పిన కాపడం, వ్యాయామం తోడ్పడతాయే తప్ప, లోపలి దాడిని ఆపలేవు. దానిని ఆపే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, 1940లలో, అక్కడ రూపొందిన మందు ఇది. మొదట రక్త క్యాన్సరుకు వాడారు. కీళ్ళ జబ్బుకు అమెరికా ప్రభుత్వ అనుమతి 1988లో వచ్చింది. ఈ మందు దుష్ఫలితాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది కూడా ఆయన బృందమే.

ఒక హెచ్చరిక. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మందు. రోజూ వేసుకునే మాత్ర అని పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో అందరికీ కనబడేలా క్యాలెండరులో ఆ వారాన్ని గుర్తుపెట్టండి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఇది వాడరాదు. మద్యం మానాలి. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు.

వాపు మొదలైన మూడు నెలల్లోపు చికిత్స ప్రారంభిస్తే చాలామందిలో వేళ్ళు వంకరపోకుండా కాపాడవచ్చు. ముందుగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. అవసరమైతే కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాలకో, తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకో పంపుతారు.

ఎప్పుడు వెళ్ళాలి?

మెత్తని వాపు మూడు వారాలు దాటినా, పొద్దుటి బిగువు గంటసేపు వదలకపోయినా, జ్వరంతో ఒక కీలు హఠాత్తుగా ఎర్రబడి వాచినా, వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు జారుతున్నా ఇంటి వైద్యంతో ఆగవద్దు. జ్వరంతో ఎర్రబడిన కీలు విషయంలో ఆ రోజే వెళ్ళాలి.

ఈ లక్షణాలేవీ లేక, చివరి కణుపుల్లో గట్టి బుడిపెలు మాత్రమే ఉన్నవారు నిశ్చింతగా వేడినీళ్ళు, వ్యాయామం, పనితీరులో మార్పు ఆరు వారాలు పాటించి చూడండి. సామాన్యంగా ఆ నొప్పికి అంతకుమించిన వైద్యం అవసరం ఉండదు.