వెళ్ళొస్తాను

ఖరగ్‌పూర్ స్టేషనులోని పెద్ద ప్లాట్‌ఫారం పొడవు సుమారు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకంటె పొడవైనది వచ్చేవరకు ప్రపంచంలో అదే అన్నిటికన్న పెద్దదని పేరు. ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడినాయి. పండుగకో, పెళ్ళికో స్వగ్రామానికి బయలుదేరే తెలుగువారు రైలెక్కుతూ ఇరుగుపొరుగులతో “వెళ్తాం” అనరు, “వెళ్ళొస్తాం” అంటారు. పది రోజుల తరువాత స్వగ్రామంలో బంధువుల వద్ద సెలవు తీసుకునేటప్పుడు కూడా అదే మాట. బతుకు రెండు ఊళ్ళకు చెందినప్పుడు ఏది వెళ్ళడమో, ఏది రావడమో తేల్చి చెప్పడం కష్టం.

1968లో ఒక మనిషి విషయంలో ఈ ప్రశ్న ఇంటి గడప దాటి దేశ ప్రధాని దాకా వెళ్ళింది. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. ఆయన పుట్టింది స్పెయిన్‌లోని బార్సిలోనాలో, 1920 ఏప్రిల్ 9న. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, స్వదేశంలో చెలరేగిన అంతర్యుద్ధంలో, ఎబ్రో నది వద్ద జరిగిన ఘోర పోరాటంలో సైనికుడుగా ఉన్నాడు. 1944లో జెసూట్ సంఘంలో చేరాడు. 1952 ఫిబ్రవరిలో బొంబాయి రేవులో దిగాడు.

కొంతకాలానికి ఆయన మహారాష్ట్రలోని మన్మాడ్ చేరాడు. ఖరగ్‌పూర్ వలెనే మన్మాడ్ కూడా రైల్వే జంక్షన్, వర్క్‌షాపు ఉన్న ఊరే. దాని చుట్టుపట్ల పల్లెల్లో వర్షాధారపు మెట్ట సేద్యం తప్ప మరో ఆధారం లేదు. వాన కురిస్తే పంట, లేకుంటే అప్పు. మతబోధకుడుగా వచ్చిన ఫెర్రర్ కంటికి ముందుగా కనిపించింది ఎండిన నేల. బావి తవ్వుకుంటే నీరుంటుంది, నీరుంటే తిండి ఉంటుంది. ఈ చిన్న తర్కమే ఆయన కార్యక్రమమైంది. బావులు తవ్వుకునే రైతులకు ఆయన తోడ్పడినాడు. పేద రైతు కూడబలుక్కుని తన బావి తాను తవ్వుకుంటే తరువాత ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదు.

అయితే, చేయి చాచడం మానుకున్నవాడు తల వంచడం కూడా మానుకుంటాడు. ఈ సంగతి ఆ ప్రాంతపు పలుకుబడి గలవారికి రుచించలేదు. విదేశీయుడు, పైగా మతాచార్యుడు, వేలాది రైతులను కూడగట్టుకుంటున్నాడన్న అనుమానం రేగింది. 1968లో ఆయన దేశం విడిచిపోవాలని ఉత్తరువు వెలువడింది.

ఆ తరువాత జరిగినది అపూర్వం. సుమారు 30 వేల మంది రైతులు తమ ఫాదర్‌ను పంపివేయవద్దంటూ మన్మాడ్ నుండి బొంబాయి దిశగా, 250 కిలోమీటర్ల దారిన, పాదయాత్ర సాగించారని చెబుతారు. పత్రికలు ఆ వార్తను దేశమంతటా చాటినాయి. అటు అధికారుల ఉత్తరువు, ఇటు ప్రజల కోరిక. రెంటినీ కాదనలేని స్థితిలో ప్రధాని ఇందిరాగాంధీ ఒక మధ్యేమార్గం కనుగొన్నారు. ఫాదర్ ఫెర్రర్ స్వల్పకాలపు సెలవు మీద విదేశానికి వెళతారనీ, తిరిగి వచ్చినప్పుడు భారతదేశం ఆయనకు స్వాగతం పలుకుతుందనీ ఆమె తెలియజేశారు.

బహిష్కారానికి సెలవు అని పేరు పెట్టడం రాజనీతిజ్ఞుల చమత్కారం కావచ్చు. కాని ఆ మాటలో ఒక హామీ దాగి ఉన్నది. “వెళ్ళు” అన్నదానిని ఆమె “వెళ్ళి రా” అని మార్చారు.

విదేశాలలో స్వచ్ఛంద సేవకు వెళ్ళేవారికి ఇంటి ముఖం చూడడమంటే మామూలుగా విశ్రాంతి. అమెరికాలో 1961లో ఏర్పడిన పీస్ కోర్ వలంటీర్లకు సాధారణంగా రెండేళ్ళ గడువు. అది తీరితే ఇల్లు చేరుకుంటారు. ఐక్యరాజ్య సమితి కూడా 1970లో స్వచ్ఛంద సేవకుల పథకాన్ని నెలకొల్పింది. ఫెర్రర్ సేవకు అలాంటి గడువంటూ లేదు. పదహారేళ్ళు ఇక్కడి పల్లెల నడుమ గడిపినవానికి స్పెయిన్ పుట్టిల్లు మాత్రమే. అక్కడ ఆయన భాష ఉన్నది, బాల్యపు వీధులున్నాయి. పని మాత్రం ఇక్కడ మిగిలిపోయింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అత్తింట సగంలో విడిచిన పని తలచుకున్నట్లుగా, ఆ ప్రయాణంలో తిరుగుదారే ప్రధానమైంది.

1969లో ఆ దారి తెరుచుకున్నది. కాని మన్మాడ్‌కు కాదు. ఆయనకు చోటిచ్చినది ఆంధ్రప్రదేశ్. చేరుకున్న ఊరు అనంతపురం. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో పడి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే కరువు సీమ అది. ఆయన తొలుత బస చేసిన ఇంటి గోడమీద, అద్భుతం కోసం వేచి ఉండమనే అర్థమిచ్చే కాగితం ఒకటి అంటించి ఉన్నదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వేచి ఉండడం ఆయన స్వభావం కాదు. ఆ ఏడే గ్రామీణాభివృద్ధి ట్రస్టు మొదలైంది. 1970లో ఆయన జెసూట్ సంఘాన్ని వీడి, తనతో పనిచేయ వచ్చిన ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహమాడినాడు.

మన్మాడ్‌లో నేర్చిన పాఠం అనంతపురంలో పెరిగి పెద్దదైంది. నీటి వసతి, బడి, పక్కా ఇల్లు, వైద్యం, దళితులకూ స్త్రీలకూ తమ కాళ్ళపై తాము నిలిచే ధైర్యం ఒకదాని వెంట ఒకటి వచ్చినాయి. బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి వెలసింది. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడింది. పుట్టిన దేశంలోని సామాన్యులు నెలనెలా ఇచ్చే చిన్న మొత్తాలు అనంతపురం పల్లెల పిల్లలకు అందసాగినాయి. ఒకనాడు తప్పనిసరిగా వెళ్ళవలసివచ్చిన పుట్టిల్లే ఈ విధంగా ఆయన పనికి పెట్టని కోట అయింది. 1998లో స్పెయిన్ ఆయనకు ‘ప్రిన్స్ ఆఫ్ ఆస్ట్యూరియస్’ సౌహార్ద పురస్కారాన్ని అందించింది.

2009 జూన్ 19న, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో, ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశాడు. బార్సిలోనాకు తీసుకుపోలేదు. బత్తలపల్లి నేలలోనే ఆయనను ఉంచారు.

పంపించివేసే ఉత్తరువుకు ఒక తేదీ ఉంటుంది. ఎదురుచూసే మనుషులకు తేదీ ఉండదు. మనిషిని ఒక ఊరికి కట్టివేసేది జన్మపత్రిక కాదు, పాస్‌పోర్టూ కాదు. అతడు లేనప్పుడు అక్కడ ఆగిపోయే పని, అతడు రాకపోతే వెలితిపడే మనుషులు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద రైలు కదులుతుండగా కిటికీలోంచి వినిపించే “వెళ్ళొస్తాం” అన్న మాటకు అర్థం అదే. ఆ మాట చెప్పగలిగినవాడికి రెండు ఊళ్ళు; దానిని నిలబెట్టుకున్నవాడికి రెండూ సొంత ఊళ్ళే.