చలిజ్వరమునకు చీనా మూలిక

మందాకు దొరికినచో కషాయము కాచుట మన వాడుక. ఆ కాచుటయే చీనాదేశమున నొక దివ్యౌషధమును దాదాపు చేజార్చినది.

1969లో బీజింగునందు తూ యూయూ అను విదుషీమణికి మలేరియా చలిజ్వరమునకు మందు వెదకు పని యప్పగింపబడెను. చింగ్‌హావ్ అను మూలిక యొకమారు గుణమిచ్చును, మరొకమారు ఇయ్యదు. ఆమె నాలుగవ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ గ్రంథమును మరల తిరుగవేసెను. గుప్పెడాకు నీట నానబెట్టి, పిండి, ఆ రసము త్రావవలెనని యందుండెను. కాచుమన్న మాటయే లేదు! వేడిమి గుణమును చెరచుచున్నదేమో యని యూహించి, సుమారు 35 డిగ్రీలకే మరుగు ఈథరుతో నామె సారము తీసెను. 1971 అక్టోబరులో నది ఎలుకలలోని మలేరియా క్రిములను పూర్తిగా నణచెను.

1972లో రోగులకిచ్చుటకు ముందు తానే దానిని పుచ్చుకొనెను. ఇద్దరు బిడ్డల తల్లి యట్లు సాహసించుట, 2015లో వచ్చిన నోబెల్ బహుమానముకంటెను మాకు గొప్పగా దోచినది.

ఇప్పుడా మందును వేరొకదానితో జేర్చి మాత్రలుగా నిచ్చుచున్నారు. ఇంట నాకు నానబెట్టి త్రాగి జ్వరమును ముదురనీయరాదు.